బాపు సైకిలుకు మేము చేసిన మేలు



నిజామాబాదులోని మా ఇంటి వరండాలో గోడకు ఒక మేకు, ఆ మేకుకు ఒక వస్తువు వేలాడుతూ ఉంటుంది. రెండు నల్లటి గొట్టాలు, వాటిలోనికి దిగే రెండు మెరిసే గొట్టాలు, పైన అడ్డముగా ఒక దిమ్మె. ప్రార్థన కూడికకు వచ్చినవారు దానిని చూచి "ఇదేమిటండీ, మోటారు సైకిలుదా?" అని అడుగుతారు. కాదు, సైకిలుదే. ముందు చక్రమును పట్టుకొని ఉండే రెండు కాళ్లను మన షాపులలో ఫోర్కు అనో చిమ్టా అనో అంటారు గదా. ఆ కాళ్లలో స్ప్రింగులు పెట్టినది ఇది. సస్పెన్షన్ ఫోర్కు. చక్రము గుంతలో పడినప్పుడు లోపలికి నొక్కుకొని, చేతులకు తగిలే దెబ్బను తాను తీసుకొంటుంది. దాని కథ వ్రాయుమని కొందరు అడిగినారు. మాకు ఘనత తెచ్చే కథ కాదు గాని, దాచుకొనదగినది కూడా కాదు గనుక వ్రాస్తున్నాము.

మేము అంటే భార్యాభర్తలము ఇద్దరము. మాలో ఒకరికి ఇంజనీరింగు డిప్లొమా ఉన్నది, మరొకరికి ఇంగితము ఉన్నదని ఇంట్లో పేరు. ఈ సంగతి జరిగిన దినాలలో ఆ రెండూ పనిచేయలేదు. బాపు మాలో ఒకరికి కన్నతండ్రి, మరొకరికి మామ. పిలుపు మాత్రము ఇద్దరికీ బాపే.

బాపు బోధన్‌లో, శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. నిజాము కాలములో 1937లో ఏర్పడిన ఆ ఫ్యాక్టరీకి ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు. నిజాంసాగరు కాలువ నీళ్లు పారినంత మేర చెరుకే. క్రషింగు మొదలైతే చెరుకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి. రాత్రి ఎద్దులను విప్పి బండి కిందనే పడుకొనేవారు. ఊరంతా మరిగిన రసము వాసన. బాపు 1967లో పనిలో చేరినాడు. రెండు సంవత్సరాల తరువాత, 1969లో, రెండు నెలల జీతము కూడబెట్టి ఒక ర్యాలీ సైకిలు కొన్నాడు. అది ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ కంపెనీ చేసినది. నల్ల రంగు, సన్నని బంగారు గీతలు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీల బ్రేకులు, తోలు సీటు కింద రెండు స్ప్రింగులు.

ఆ సైకిలు మీద ఏమేమి వచ్చినవో చెప్పాలంటే ఈ పత్రిక చాలదు. బియ్యము బస్తా, గ్యాసు నూనె డబ్బా, కాన్పు నొప్పులతో అవ్వ, పరీక్ష హాలుకు ఆలస్యమైన పిల్లలు. క్రిస్మస్ ముందు రాత్రులు క్యారల్స్‌కు పోయేటప్పుడు డైనమో వెలుతురులో ముందు బాపు, వెనుక డోలకు పట్టుకొని ఇంకొకరు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు వారి భాగస్వామ్యములోనికి పోయినప్పుడు బాపు ఉద్యోగము వదిలినాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీయే ఆగిపోయినది. అయినను ప్రతి ఉదయము ఆరు గంటలకు సైకిలు తీసి శక్కర్‌నగర్ గేటు దాకా పోయి, అక్కడి హోటలులో పాత జతగాళ్లతో చాయి త్రాగి రావడము మాత్రము మానలేదు. అవ్వ పోయిన తరువాత, "మా దగ్గరికి రా బాపు" అని మేము ఎన్నిసార్లు పిలిచినా, "పొద్దుగాల గేటుకాడికి ఎట్ల పోవాలె?" అనేవాడు. బోధన్‌కు నిజామాబాదుకు మధ్య ఎడపల్లి, జానకంపేట మీదుగా ఒక గంట బస్సు ప్రయాణమే, కాని ఆయనకు అది ఒక గంట దూరము కాదు.

2022లో ఆయనకు మణికట్లు నొప్పి మొదలైనది. కుడి చేయి మరీ ఎక్కువ. రోడ్డు సంగతి తెలిసినదే: వానకాలము పోయిన తరువాత గుంతలు, గుంతలకు నడుమ స్పీడు బ్రేకర్లు. "సైకిలు మానేయి" అని మేము చెప్పలేకపోయినాము. అందుకని సైకిలునే మెత్తగా చేద్దామనుకొన్నాము.

ఆలోచన మా అబ్బాయిది. వాడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తూ, సెలవులకు వచ్చినప్పుడు ఫోనులో అమెరికా పాత సైకిళ్ల బొమ్మలు చూపేవాడు. క్రూయిజర్ అంటారట. లావు టైర్లు, వెడల్పు హ్యాండిలు, వంపు తిరిగిన ఫ్రేమ్, పెట్రోలు ట్యాంకు వలె ఒక డబ్బా. నిజము చెప్పాలంటే మేమూ ముచ్చటపడినాము. షికాగో నగరములోని ష్విన్ కంపెనీ 1933లో లావు బెలూను టైరు తెచ్చిన దగ్గర నుండి ఆ రకము పుట్టినది. మోటారు సైకిలు కొనలేని పిల్లలకు అది మోటారు సైకిలు. నలభై ఏళ్ల తరువాత కాలిఫోర్నియాలో మెరిన్ అనే ప్రాంతపు కుర్రవాళ్లు పాత ఇనుప సామానుకు పోయిన ఆ సైకిళ్లనే తెచ్చి, విప్పి, మార్చి, అక్కడి కొండల మీద నుండి మట్టి దారిలో దూకించేవారు. ఒక్కసారి దిగేసరికి వెనుక హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీసు అంతా పొగై పోయేది, మళ్లీ నింపుకోవాలి. అందుకే 1976లో మొదలైన ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. అక్కడి నుండి మౌంటెన్ బైకు వచ్చినది, 1990 ప్రాంతములో రాక్‌షాక్స్ వంటి కంపెనీల సస్పెన్షన్ ఫోర్కులు వచ్చినవి.

ఈ కథలో మేము చదవకుండా దాటిపోయిన వాక్యము ఒకటి ఉన్నది. ఆ కుర్రవాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లోనే పాత ఫ్రేమ్‌తో ఇక లాభము లేదని కొత్త ఫ్రేమ్ తానే చేసుకొన్నాడు. స్ప్రింగు ఫోర్కు వచ్చిన తరువాత కంపెనీలు కూడా ఆ ఫోర్కు పొడవుకు తగినట్లు ఫ్రేమ్ కొలతలే మార్చుకొన్నవి.  బాపు సైకిలు పేరు పెట్టుకొన్న ఇంగ్లండు ర్యాలీ కంపెనీయే 1967లో మోల్టన్ అనే స్ప్రింగుల సైకిలును కొన్నది. అలెక్స్ మోల్టన్ అనే ఇంజనీరు 1962లో తెచ్చిన ఆ సైకిలుకు చక్రము మొదలు ఫ్రేమ్ దాకా అన్నీ స్ప్రింగులతో కలిపే గీయబడినవి. ఇవన్నీ మేము తరువాత తెలిసికొన్నాము. తరువాత తెలిసినదానికి ఏమి విలువ!

క్రిస్మస్ కానుకగా ఇద్దామని, బాపుకు చెప్పకుండా చేయాలని నిర్ణయించుకొన్నాము. "ఓవరాలింగు చేయించి తెస్తాము బాపు" అని చెప్పి డిసెంబరు మొదటి వారములో సైకిలును ట్రాలీలో నిజామాబాదుకు తెచ్చినాము. మా అబ్బాయి హైదరాబాదు నుండి సామాను మోసుకొచ్చినాడు: స్ప్రింగు ఫోర్కు, దానికి తగిన 26 అంగుళాల ముందు చక్రము, రెండు అంగుళాలకు మించిన లావు టైరు, తీగతో పనిచేసే కొత్త వి-బ్రేకు. షాపు, మెకానిక్కు పేర్లు ఇక్కడ అనవసరము. ఆయన అనుభవము ఉన్నవాడే. మేము అడిగినది చేసినాడు.

ఆయన ఒక లెక్క చెప్పినాడు, మాకు చాలా బాగా నచ్చినది. కొత్త ఫోర్కు పాతదానికంటే పొడవు, నిజమే. కాని కొత్త చక్రము పాతదానికంటే చిన్నది. పొడవు చక్రములో పోతుంది, సైకిలు సమానముగా నిలబడుతుంది. డిప్లొమా ఉన్నవారు తల ఊపినారు. ఇంగితము ఉన్నవారు "రంగు మాత్రము నల్లదే వేయండి" అన్నారు. హ్యాండిలు పాతదే ఉంచినాము, ఎందుకంటే ర్యాలీ హ్యాండిలు పుట్టుకతోనే వెనక్కి వంగి క్రూయిజరు వలె ఉంటుంది. వెనుక బ్రేకుకు పాత కడ్డీలే. ముందుది మాత్రము కొత్తది.

2022లో క్రిస్మస్ ఆదివారము వచ్చినది. ఆరాధన అయిన తరువాత బోధన్‌లో బాపు ఇంటి ముందు సైకిలును దింపినాము. రంగు కాగితాలు కట్టినాము. చుట్టుపక్కలవాళ్లు చేరినారు. బాపు దగ్గరికి వచ్చి, సీటు మీద చేయి వేసి, వంగి ఫోర్కును చూచినాడు. హ్యాండిలు మీద బరువు వేసి రెండుసార్లు నొక్కినాడు. సైకిలు తల వంచి లేచినది. పిల్లలు చప్పట్లు కొట్టినారు. ఆ తరువాత ఆయన హ్యాండిలును అటు ఇటు మెల్లగా తిప్పి చూచి, మనుమని ముఖము చూచి, "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. అంతే. ఆ ఫోటో మా ఇంట్లో ఇంకా ఉన్నది. ఫోటోలో అందరము నవ్వుతున్నాము.

2023 జనవరి 17, మంగళవారము ఉదయము బోధన్ నుండి ఫోను వచ్చినది. బాపు పడిపోయినాడు.

శక్కర్‌నగర్ గేటుకు పోయే దారిలోనే. పెద్ద వేగము ఏమీ లేదు. పక్క సందు నుండి ఒక మేకపిల్ల చెంగున వచ్చినది. బాపు కుడి చేతితో బ్రేకు నొక్కినాడు. యాభై మూడు సంవత్సరాలుగా ఆ చేయి ఎట్లా నొక్కినదో అట్లానే నొక్కినది. కడ్డీల బ్రేకు సంగతి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు: పిడికిలి బిగించి ఉన్న బలమంతా పెడితే గాని అది పట్టదు, పట్టినా మెల్లగా పడుతుంది. కొత్త బ్రేకు రెండు వేళ్లకే చక్రమును కట్టివేస్తుంది. చక్రము ఆగినది. బరువంతా ముందుకు వచ్చి స్ప్రింగులు ఒక్కసారిగా లోపలికి పోయినవి, హ్యాండిలు కిందికి దిగినది, వెనుక చక్రము లేచినది. డెబ్బది ఏడు సంవత్సరాల మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడి, పడుతూ రెండు చేతులూ చాచినాడు. గడ్డానికి నాలుగు కుట్లు. కుడి మణికట్టు విరిగినది.

ఏ మణికట్టు కొరకు ఇదంతా చేసినామో అదే.

ఖలీల్‌వాడిలో ఎముకల డాక్టరు కట్టు వేసి ఆరు వారాలు అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో మంచము మీద కూర్చొని బాపు పాలు త్రాగుతూ ఉండగా అడిగినాము. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాస్తున్నాము.

"బాపు, ఆ ఫోర్కు సంగతి నీకు ముందే తెలుసా?"

"హ్యాండిల్ పట్టుకున్న నాడే ఎర్కైంది. మెల్లగ తిప్పితె అదే పక్కకు పడుతున్నది."

"మరి ఎందుకు చెప్పలే?"

"పిలగాడు అంత దూరం నుంచి సామాను మోసుకొచ్చె. పండుగ పూట వాని మొకం జూసినంక నాకు నోరు రాలె."

అంటే మూడు వారాలు, ప్రతి ఉదయము, తప్పని తెలిసిన సైకిలును ఆయన మా కొరకు ఎక్కినాడు. ఆయనను అడగాలని మాకు తోచలేదు. మాకు చెప్పాలని ఆయనకు మనసు రాలేదు. ముప్పై అయిదు సంవత్సరాలు ఇనుముతో పనిచేసిన ఫిట్టరు ఇంట్లోనే ఉండగా, మేము షాపులో లెక్కలు విన్నాము.

ఫిబ్రవరిలో ఒక శనివారము మా అబ్బాయి వచ్చినాడు. వాడి ముఖము చూడలేకపోయినాము. బాపు మాత్రము వాడిని పిలిచి, "సైకిల్ విప్పు, నేను చెప్త" అన్నాడు. వాకిట్లో కుర్చీ వేసుకొని, కట్టు చేయి ఒడిలో పెట్టుకొని, ఎడమ చేతితో చూపిస్తూ, పానా వానితో పట్టించినాడు. ఆ మధ్యాహ్నము మేము నేర్చుకొన్నది ఏ డిప్లొమాలోను లేదు.

మొదట కొలతలు. పాత ఫోర్కు ఇరుసు దగ్గర నుండి పై దిమ్మె దాకా పదిహేను అంగుళాలు. కొత్తది పదిహేడున్నర. చక్రము చిన్నదైనందున ఇరుసు ఒక అంగుళము కిందికి దిగినది. మెకానిక్కు చెప్పిన లెక్కలో ఇంకా ఒకటిన్నర అంగుళము మిగిలే ఉన్నది! ఆ ఒకటిన్నర అంగుళము సైకిలు ముందు భాగమును పైకెత్తి, మెడను సుమారు రెండు డిగ్రీలు వెనక్కి వాల్చినది.

రెండు డిగ్రీలకే ఏమవుతుందని మేమూ అనుకొన్నాము. బాపు ఒక దారము తెమ్మన్నాడు. హ్యాండిలు దిగే గొట్టము వాలును అనుసరించి దారమును నేల దాకా పట్టించినాడు. టైరు నేలను తాకే చోటు ఆ దారము కంటే వెనుక ఉంటుంది. ఆ ఎడమే సైకిలును తిన్నగా నడుపుతుందట. పాత ఫోర్కు కాళ్లు కింద ముందుకు మూడు అంగుళాలు వంగి ఉంటాయి గదా. ఆ వంపు అందము కొరకు కాదు, ఆ ఎడమును తగినంత తక్కువగా ఉంచుటకు. కొత్త ఫోర్కు కాళ్లు తిన్ననివి, ముందుకు జరిగి ఉన్నది ఒకటిన్నర అంగుళమే. మెడ వాలినది, వంపు తగ్గినది. రెండూ కలిసి, మూడు అంగుళాల లోపు ఉండవలసిన ఎడము నాలుగు దాటినది. వేగముగా పోయే పడుచువానికి అది నిలకడగా ఉండవచ్చును. మెల్లగా పోయే ముసలివానికి మలుపు దగ్గర హ్యాండిలు తనంతట తానే ఒక పక్కకు వాలిపోతుంది. బాపు క్రిస్మస్ నాడు అటు ఇటు తిప్పి చూచినది దీనినే.

తరువాత స్ప్రింగులు. మా అబ్బాయి ఫోర్కును నేల మీద నిలబెట్టి నొక్కి వదిలినాడు. ఎగిరి చేతికి తగిలినది. బాపు నవ్వినాడు.

"మిల్లుల మీది రోలరు సుత లేస్తది. చెరుకు దళసరిగ వస్తె పైకి జరుగుతది. కాని దాని మీద నూనె ప్రెషరు ఉంటది. లేచింది లేచినట్టు ఎగరది, పట్టుకొని దించుతది. దీంట్ల పట్టేది ఏది?"

చక్కెర మిల్లులో చెరుకును పిండే రోలర్లలో పైదానిని ఎప్పుడూ బిగించి పెట్టరు. హైడ్రాలిక్ ఒత్తిడి కింద అది కొద్దిగా తేలుతూ ఉంటుంది. ఏండ్ల తరబడి దానిని బాగుచేసిన మనిషికి మా ఫోర్కు ఒక్క చూపులో అర్థమైనది. మంచి ఫోర్కులలో స్ప్రింగుతో పాటు నూనె ఉంటుంది, సన్నని రంధ్రాల గుండా పోతూ ఊపును అణచుతుంది. మేము కొన్న చౌక రకములో ఉన్నది ఉత్త స్ప్రింగే, ఇంత గ్రీసు. గుంతలో దెబ్బను మింగి, మరుక్షణమే తిరిగి చేతుల మీదికి కక్కుతుంది. బ్రేకు వేసినప్పుడు మునిగిపోతుంది.

పై కప్పులు విప్పితే ఇంకొకటి బయటపడినది. ర్యాలీ వారు ఇంగ్లండులో సొంత మర వాడేవారు, అంగుళానికి 26 చుట్లు. మిగతావారిలో ఎక్కువమందివి 24. బాపు సైకిలు నట్టు కొత్త ఫోర్కుకు ఎక్కలేదు గనుక షాపులో ఫోర్కుతో వచ్చిన నట్టు, గిన్నె పైన పెట్టి, కింద పాత కప్పు ఉంచినారు. గోళీలు సగము చోటనే ఆనుతున్నవి. చేతితో కదిలిస్తే లూజు. ఇంకొన్ని నెలలు పోతే ఏమయ్యేదో. ఫ్రేమ్ మెడ దగ్గర అతుకులను బాపు గోటితో తడిమి తడిమి చూచినాడు. పొడవైన ఫోర్కు ముందు నుండి తగిలే ప్రతి దెబ్బను గడ్డపార వలె ఆ అతుకు మీదనే వేస్తుందట. పగులు రాలేదు. ఆ మాట విన్నప్పుడే మా అబ్బాయి ఆ దినము మొదటిసారి అన్నము తిన్నాడు.

మాకు అన్నిటికంటే సిగ్గు కలిగించినది చివర తెలిసినది. పాత ఫోర్కు మళ్లీ ఎక్కించిన తరువాత సీటు చూపించి, "దీన్ని ఎవ్వలన్న చూసిండ్రా?" అన్నాడు. ఏండ్ల తరబడి కూర్చొని కూర్చొని తోలు సాగినది, సీటు ముక్కు ముందుకు వాలినది. ముందుకు జారే మనిషి తన బరువును చేతులతో ఆపుకోవాలి. ఆ బరువే రోజూ మణికట్ల మీద పడుతున్నది. సీటు కింద తోలును బిగించే ఒక నట్టు, వాలును సరిచేసే ఇంకొక నట్టు. పావు గంట పని, పైసా ఖర్చు లేదు. ముందు టైరులో గాలి కూడా రాయి వలె కొట్టించియున్నారు. బాపు వాలు నొక్కి కొంత వదిలినాడు. లావు టైరు, తోలు సీటు కింది స్ప్రింగులు, చక్రాల నడుమ పొడవైన దూరము, కాళ్ల వంపు: ఆ సైకిలుకు ఉండవలసిన మెత్తదనము దానిలోనే ఉన్నది. మేము దానిని చూడకుండా ఇంకొకటి కొన్నాము.

"మరి ఇదంతా నువ్వు ముందే ఎందుకు చేసుకోలేదు బాపు?" అని మాలో ఒకరు అడిగితే, "చేతులు నొస్తున్నయి గద, పానా ఎట్ల తిప్పుదు? ఎవ్వలన్న వస్తె చెప్దామనుకున్న" అన్నాడు. మేము ప్రతి రెండవ ఆదివారము వెళ్లేవారము. పండ్లు తీసికొని పోయేవారము. మందులు అడిగేవారము. సైకిలు దగ్గర వంగి చూచినవారము కాము.

పాత సైకిళ్లను ముచ్చటగా మార్చుకొనుట ఇప్పుడు మన పిల్లలలో కొందరికి ఇష్టమైనది. వద్దని చెప్పము; రంగు వేయించండి, బెల్లు మార్చండి, పిడులకు దళసరి రబ్బరు తొడగండి, ఫ్రేమ్‌లో పట్టినంత లావు టైరు వేయండి. కాని ముందు కాళ్లను ముట్టుకొనే ముందు పాత ఫోర్కును, కొత్తదానిని పక్కపక్కన నిలబెట్టి ఇరుసు నుండి దిమ్మె దాకా కొలవండి. స్ప్రింగు పూర్తిగా లోపలికి పోయినప్పుడు టైరుకు దిమ్మెకు నడుమ ఇంకా చోటు ఉన్నదా అని తప్పక చూడండి. అది తాకితే చక్రము నడుస్తూ నడుస్తూనే బిగుసుకొంటుంది. బ్రేకు మార్చితే, ఎక్కే మనిషి చేత ముందు ఖాళీ మైదానములో నాలుగు దినాలు నడిపించండి, ఆ చేయి కొత్త బలము నేర్చుకొనే దాకా. అమెరికాలో వినియోగదారుల భద్రత చూచే ప్రభుత్వ సంఘము విరిగిపోయే ప్రమాదమున్న స్ప్రింగు ఫోర్కులను వెనక్కి ఇచ్చివేయుమని పలుమార్లు ప్రకటించవలసి వచ్చినది. అనగా వాటి కొరకే చేసిన సైకిళ్లలో కూడా ఇది తేలికగా తీసికొనే భాగము కాదు.

కట్టు విప్పిన తరువాత బాపు చేయి అతికినది గాని పూర్తిగా తిరగదు. గ్లాసు పట్టుకొంటాడు, పలక మీద వ్రాసినట్లు పేరు వ్రాస్తాడు, బ్రేకు నొక్కలేడు. సైకిలు ఎక్కవద్దని డాక్టరు చెప్పినాడు. బోధన్ ఇల్లు కిరాయికి ఇచ్చినాము. ఇన్ని సంవత్సరాలుగా మేము బ్రతిమాలినా రానివాడు ఇట్లా మా ఇంటికి వచ్చినాడు. ఆ రాకను మేము ఎట్లా పండుగ చేసికొనగలము?

సైకిలును ఆయన మా వరండాలోనే పెట్టించినాడు. స్ప్రింగు ఫోర్కును మేకుకు తగిలించినది కూడా ఆయనే. పారవేస్తామంటే, "ఉండనియ్యి, పిలగాడు పైసలు పెట్టి తెచ్చిండు" అన్నాడు.

2023 నవంబరులో, చలి మొదలైన దినాలలో, మా అబ్బాయి ఒక ట్రాలీ మాట్లాడి తాతను, సైకిలును బోధన్ తీసికొని పోయినాడు. మేమూ వెంట పోయినాము. ఊరి బయటనే దింపుమన్నాడు బాపు. ఎడమ చేయి హ్యాండిలు మీద వేసి, సైకిలును నడిపించుకొంటూ, పాత దారినే శక్కర్‌నగర్ గేటు దాకా పోయినాడు. ఆ దారిలో నవంబరు అంటే చెరుకు బండ్లు ఉండవలసిన కాలము. వరి కోతల ట్రాక్టరు ఒకటి పోయినది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆగి, ముందు చక్రమును ఎత్తి మెల్లగా అవతల దింపేవాడు. హోటలు ముందు స్టాండు వేసినాడు. నలుగురు జతగాళ్లలో ఇద్దరే ఉన్నారు. వాళ్లు ముందు బాపును కాదు, సైకిలును చూచినారు.

"పాత చిమ్టానే ఎక్కిచ్చినవా?" అని ఒకాయన అడిగినాడు.

"మనుమడు ఎక్కిచ్చిండు" అన్నాడు బాపు, చాయిలు చెప్పుతూ.